నాన్న అమ్మిన భూమికి 14 లక్షల పన్ను: ట్రిబ్యునల్ దాకా వెళ్లిన నా అనుభవం

2023 జూన్ చివర్లో మా నాన్న రైతుబంధు డబ్బులు తీసుకుందామని బ్యాంకుకు వెళ్లాడు. మిగిలిన రెండెకరాలకు పడే 10 వేలు. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి కంప్యూటర్ చూసి, "తాతా, మీ ఖాతా మీద ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఆపు పెట్టారు, డబ్బులు తీయడం కుదరదు" అని చెప్పింది. నాన్నకు అర్థం కాలేదు. ఆయన జీవితంలో ఎప్పుడూ టాక్స్ ఆఫీసు గడప తొక్కలేదు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "బిడ్డా, నేను ఎవరి సొమ్మూ తినలే. నా పైసలు నాకు ఇయ్యమంటే ఇయ్యమంటున్నరు" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే.

నేను నల్గొండ జిల్లాలో ప్రభుత్వ టీచర్‌ని. ప్రతి ఏడాది నా ఫారం-16 ఆడిటర్‌కి ఇచ్చి రిటర్న్ వేయించుకోవడం తప్ప నాకూ ఈ వ్యవహారాలు తెలియవు. మర్నాడు నాన్న పాన్ కార్డు పట్టుకుని ఆ ఆడిటర్ గారి దగ్గరికే వెళ్లాను. పోర్టల్‌లో పాస్‌వర్డ్ మార్చి లోపలికి వెళ్లేసరికి గంట పట్టింది. లోపల ఏడాదికి పైగా వచ్చిన నోటీసులన్నీ వరసగా ఉన్నాయి. చివర్లో 2023 మార్చి 20 తేదీతో అసెస్‌మెంట్ ఆర్డరు, అంటే ఆదాయం ఎంత, పన్ను ఎంత అని తేల్చిన ఉత్తర్వు, దాంతోపాటు ఆ సొమ్ము కట్టమనే డిమాండ్ నోటీసు. కట్టాల్సింది 14 లక్షల 60 వేలు.

జరిగింది ఇదీ. 2017 నవంబర్‌లో నాన్న 3 ఎకరాల 8 గుంటల పొలం 36 లక్షలకు అమ్మాడు. చెల్లి పెళ్లి, బోర్ల అప్పులు, ఇంటి పైకప్పు, అన్నీ దాంతోనే అయ్యాయి. అప్పటి నియమం ప్రకారం 30 లక్షలు, ఆపైన విలువ ఉన్న స్థిరాస్తి లావాదేవీల వివరాలు రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి ఆదాయపు పన్ను శాఖకు వెళ్లేవి. నాన్న రిటర్న్ వేయలేదు, వేయాల్సినంత ఆదాయమూ లేదు. ఇంత మొత్తం వచ్చిన మనిషి రిటర్న్ ఎందుకు వేయలేదని 2022 మార్చిలో కేసు తిరిగి తెరిచారు. ముందు సంజాయిషీ అడిగారు, తర్వాత కేసు తిరిగి తెరిచామని చెప్పే 148 సెక్షన్ నోటీసు పంపారు. అవన్నీ పాన్ వివరాల్లో ఉన్న ఈమెయిల్‌కు వెళ్లాయి. ఆ ఈమెయిల్ ఎప్పుడో 2014లో పాన్ కార్డు చేయించి పెట్టిన ఏజెంటుది. నాన్నకు ఈమెయిల్ అంటేనే తెలియదు. జవాబు రాలేదు కాబట్టి 144 సెక్షన్ కింద, అంటే అధికారి తన దగ్గరున్న సమాచారంతోనే తేల్చే పద్ధతిలో, ఆర్డరు వేశారు. 36 లక్షలూ దీర్ఘకాలిక మూలధన లాభమే, అంటే చాలాకాలం ఉంచుకున్న ఆస్తి అమ్మితే వచ్చిన లాభమే అన్నారు. కొన్న ధర ఎంతో మేం చెప్పలేదు కాబట్టి ఖర్చు కింద ఒక్క రూపాయీ తీయలేదు. పన్ను 6 లక్షల 80 వేల దగ్గర ఉంటే, మిగతాదంతా 2018 నుంచి నెలకు ఒక శాతం చొప్పున రెండు రకాలుగా పడ్డ వడ్డీ.

"పొలం కదా సార్, పొలం అమ్మితే పన్ను ఉండదంటారు కదా" అని అడిగాను. ఆడిటర్ గారు కుర్చీలో ముందుకు జరిగి, "అన్ని పొలాలకూ కాదమ్మా, ఊరి పొలానికి" అన్నారు. అప్పుడు మొదటిసారి విన్నాను 2(14) సెక్షన్ గురించి. దాని ప్రకారం మున్సిపాలిటీ హద్దులోగానీ, దానికి దగ్గర్లోగానీ ఉన్న సాగుభూమి మూలధన ఆస్తి కిందికి వస్తుంది, లాభం మీద పన్ను పడుతుంది. దగ్గర అంటే ఎంత అన్నది ఆ మున్సిపాలిటీ జనాభాను బట్టి ఉంటుంది. 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపైతే 6, 10 లక్షలు దాటితే 8. అది కూడా రోడ్డు మీద కొలిచే దూరం కాదు, పక్షి ఎగిరినట్టు నేరుగా కొలవాలి. ఈ హద్దులు దాటి ఉన్న పొలాన్ని ఎంతకు అమ్మినా మూలధన లాభం పన్ను లేదు.

మా పొలం మండల కేంద్రానికి ఒకటిన్నర కిలోమీటరు దూరంలో ఉంది. ఆ మండల కేంద్రం ఇప్పుడు మున్సిపాలిటీ. ఆర్డరులో అధికారి రాసింది కూడా ఒకే ఒక్క వాక్యం, భూమి మున్సిపాలిటీకి 2 కిలోమీటర్ల లోపు ఉంది కాబట్టి మినహాయింపు వర్తించదని. అది చదివాక నాకు కాళ్లు వణికాయి. నిజమే కదా అనిపించింది. ఇంటికి వచ్చి రాత్రంతా లెక్కలు వేశాను, ఎంత అప్పు పుడుతుంది, నా పీఎఫ్‌లో ఎంత వస్తుంది అని.

తెల్లారి స్కూల్‌కి వెళ్తూ బస్సులో గుర్తొచ్చింది. ఆ ఊరు మున్సిపాలిటీ అయింది పొలం అమ్మిన తర్వాత! 2018 ఆగస్టులో తెలంగాణలో చాలా గ్రామ పంచాయతీలను కలిపి కొత్త మున్సిపాలిటీలు చేశారు, మా మండల కేంద్రం కూడా అప్పుడే అయింది. మేం అమ్మింది 2017 నవంబర్‌లో. ఆ రోజుకు అక్కడ ఉన్నది గ్రామ పంచాయతీ. అప్పటికి ఉన్న పాత మున్సిపాలిటీ మా పొలానికి 14 కిలోమీటర్లు. బస్సు దిగగానే ఆడిటర్ గారికి ఫోన్ చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అమ్మా, ఇది కాగితం మీద చూపించగలిగితే మన కేసు నిలబడుతుంది" అన్నారు.

ఆ కాగితం సంపాదించడమే ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా కష్టమైన పని. తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాను. మూడు వారాల తర్వాత సర్టిఫికెట్ ఇచ్చారు. సంతోషంగా తీసుకుని బయటికొచ్చి చదివితే, "సదరు భూమి మున్సిపాలిటీకి 1.5 కి.మీ. దూరంలో ఉన్నది" అని ఉంది. ఇవాళ్టి పరిస్థితి ప్రకారం అది అబద్ధం కాదు. కానీ ఆ కాగితం పెడితే మా కేసును మేమే ఓడించుకున్నట్టు. మళ్లీ లోపలికి వెళ్లి, ఇవాళ్టిది కాదు సార్, 2017 నవంబర్ నాటికి ఏముందో రాయండి అని అడిగితే, పాత తేదీకి సర్టిఫికెట్ ఎలా ఇస్తామన్నారు. నేను అడుగుతున్నది పాత తేదీ వేసిన సర్టిఫికెట్ కాదని, ఆ తేదీ నాటి స్థితిని చెప్పే సర్టిఫికెట్ అని అర్థమయ్యేలా చెప్పడానికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి మున్సిపాలిటీ ఏర్పాటు చేసిన ప్రభుత్వ ఉత్తర్వు కాపీని దరఖాస్తుకు జత చేసి ఇచ్చాను. అప్పుడు ఒక పెద్దాయన, అక్కడి సీనియర్ ఉద్యోగి, దాన్ని చదివి, "ఇదైతే రాయొచ్చు మేడమ్" అని తనే ముసాయిదా తయారు చేశారు. అమ్మిన నాటికి దగ్గరలోని మున్సిపాలిటీ ఏది, నేరుగా కొలిస్తే ఎంత దూరం, మండల కేంద్రం ఎప్పటిదాకా పంచాయతీగా ఉంది, మూడూ అందులో వచ్చాయి. ఆయన పేరు ఇక్కడ రాయను గానీ, ఆ మూడు వాక్యాలకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

మిగతావి అంత ఇబ్బంది పెట్టలేదు. పట్టాదార్ పాస్‌బుక్, అమ్మకం దస్తావేజు, మూడేళ్ల పహాణీలు. పహాణీల్లో వరి, పత్తి అని పంట పేరు స్పష్టంగా ఉంది, అంటే భూమి నిజంగా సాగులో ఉన్నదే. 2011 జనాభా లెక్కల నుంచి పాత మున్సిపాలిటీ జనాభా పేజీ.

ఈలోపు అప్పీలు గడువు సమస్య. ఆర్డరు అందిన 30 రోజుల్లో కమిషనర్ అప్పీల్స్ దగ్గర ఫారం 35లో అప్పీలు వేయాలి. ఆర్డరు మార్చి 20న పోర్టల్‌లో పడింది, మేం వేసింది జూలై 14న. 86 రోజుల ఆలస్యం. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించవచ్చని చట్టంలోనే ఉంది కాబట్టి నాన్న పేరుతో అఫిడవిట్ రాశాం. ఫీజు వెయ్యి రూపాయలు. ఇక్కడ ఒక మెలిక ఉంది, రిటర్న్ వేయనివాళ్లందరూ తెలుసుకోవాల్సింది. అసలు రిటర్నే వేయని మనిషి అప్పీలుకు వస్తే, ఆ ఏడాది కట్టాల్సిన అడ్వాన్స్ టాక్స్‌కు (ఏడాది నడుస్తుండగానే ముందుగా కట్టే పన్నుకు) సమానమైన మొత్తం ముందు కట్టి ఉండాలని 249(4) సెక్షన్‌లో ఉంది. ఫారంలో ఆ గడిని ఖాళీగా వదిలేసి అప్పీలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని ఆడిటర్ గారు చెప్పారు. మా వాదన ప్రకారం పన్నుకు వచ్చే ఆదాయమే లేదు కాబట్టి అడ్వాన్స్ టాక్స్ కూడా లేదని అక్కడ వివరంగా రాశారు.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2017 జూలై 31న ఇచ్చిన మెమో ప్రకారం, వివాదంలో ఉన్న డిమాండ్‌లో 20 శాతం కడితే మిగతాది మొదటి అప్పీలు తేలేదాకా మామూలుగా ఆపుతారు. మాకు అది 2 లక్షల 92 వేలు. నా చిట్టీ పాడి కట్టాను. నాన్నకు ఎంత కట్టానో చెప్పలేదు. ఖాతా మీద ఆపు తీసేశారు, రైతుబంధు డబ్బులు చేతికొచ్చాయి.

తర్వాత ఏడాది పైన నిశ్శబ్దం. అప్పీలు కూడా ఫేస్‌లెస్ పద్ధతే. ఎవరి ముందుకూ వెళ్లేది లేదు, పోర్టల్‌లో నోటీసు వస్తే జవాబు, కాగితాలు అప్‌లోడ్ చేయాలి. రెండు నోటీసులు వచ్చాయి, రెండింటికీ గడువులోపే ఇచ్చాం. ఈసారి ఈమెయిల్ నాది, రోజూ పొద్దున చూసేదాన్ని.

2024 అక్టోబర్‌లో వివాద్ సే విశ్వాస్ పథకం మళ్లీ వచ్చింది. 2024 జూలై 22 నాటికి పెండింగ్‌లో ఉన్న అప్పీళ్లకు, డిసెంబర్ 31 లోపు అసలు పన్ను కట్టేస్తే వడ్డీ, పెనాల్టీ మాఫీ. మా లెక్కలో 6 లక్షల 80 వేలు కడితే కేసు మూసేయవచ్చు. మా ఆయన కట్టేద్దామన్నారు, టెన్షన్ పోతుంది కదా అని. ఆయన మాటలో తప్పేం లేదు, పన్ను నిజంగా బాకీ ఉన్నవాళ్లకు అది మంచి అవకాశమే. నాన్నను అడిగాం. "బాకీ ఉంటే గోచి అమ్మి అయినా కడత. లేని బాకీ ఎందుకు కట్టాలె?" అన్నాడు. పథకంలోకి వెళ్లలేదు.

నవంబర్‌లో మొదటి అప్పీలు తీర్పు వచ్చింది. ఆలస్యానికి చూపిన కారణం సరిపోదు, అప్పీలు విచారణకు స్వీకరించడం లేదు. ఈమెయిల్ సరిగ్గా ఉంచుకోవడం పన్నుదారు బాధ్యత అన్నారు. మేం పెట్టిన సర్టిఫికెట్ గురించి, 2018 గురించి ఒక్క మాట లేదు. ఓడిపోవడం వేరు, విననే వినకపోవడం వేరు. ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఏడ్చాను.

దాని మీద వెళ్లాల్సింది ఆదాయపు పన్ను అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు. ఇది 1941 జనవరి 25న మొదలైన సంస్థ. నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చిన సంగతి ఏమిటంటే, ఇది ఆర్థిక శాఖ కింద ఉండదు, న్యాయ శాఖ కింద ఉంటుంది. పన్ను వేసే అధికారి, మొదటి అప్పీలు వినే కమిషనర్ ఇద్దరూ ఆదాయపు పన్ను శాఖవాళ్లే. ట్రిబ్యునల్‌లో అలా కాదు. శాఖ కూడా మనలాగే ఒక పక్షంగా వచ్చి నిలబడాలి. బెంచ్‌లో మామూలుగా న్యాయం తెలిసిన సభ్యుడు ఒకరు, లెక్కలు తెలిసిన సభ్యుడు ఒకరు ఉంటారు. అసెస్ చేసిన ఆదాయం 50 లక్షల లోపున్న కేసులను ఒక్క సభ్యుడే వినవచ్చు. మాది 36 లక్షలు కాబట్టి ఏకసభ్య బెంచ్‌కు వెళ్లింది. వాస్తవాల విషయంలో ట్రిబ్యునల్ మాటే చివరిది. ఆపైన హైకోర్టుకు వెళ్లాలంటే ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి. అంటే 2017లో అక్కడ పంచాయతీ ఉందా, మున్సిపాలిటీ ఉందా అన్న మా ప్రశ్నకు ఇదే ఆఖరి మెట్టు.

ఉత్తర్వు అందిన నెల చివరి నుంచి రెండు నెలల గడువు. 2025 జనవరి మొదట్లోనే ఫారం 36 వేశాం. ఫీజు అసెస్ చేసిన ఆదాయంలో ఒక శాతం, గరిష్ఠంగా 10 వేలు. మాకు ఆ 10 వేలు పడింది. అప్పీలు కారణాలను నేను కథలా రెండు పేజీలు రాసి ఇస్తే, ఆడిటర్ గారు దాన్ని నాలుగు చిన్న వాక్యాలకు కుదించారు. ట్రిబ్యునల్ నియమాల ప్రకారం అక్కడ వాదన, వర్ణన ఉండకూడదట. కాగితాలన్నిటికీ పేజీ నంబర్లు, విషయసూచిక వేసి పేపర్ బుక్ చేశాం. తహసీల్దార్ సర్టిఫికెట్ 31వ పేజీ. ఆ నంబర్ నాకు ఎప్పటికీ మర్చిపోనిది.

జూన్‌లో విచారణ. ట్రిబ్యునల్ హైదరాబాద్ బెంచ్ సికింద్రాబాద్ కవాడిగూడలో సీజీవో టవర్స్‌లో ఉంటుంది. ఆడిటర్ గారు వద్దన్నా నాన్న వస్తానన్నాడు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని తెల్లవారుజామున బస్సెక్కాం. గది బయట ఆ రోజు కేసుల జాబితా అంటించారు, మాది 17వ నంబర్. లోపల చిన్న కోర్టు హాలే. సభ్యుడు పైన, కింద ఒక వైపు శాఖ తరఫు ప్రతినిధి, ఆయన్ని డీఆర్ అంటారు, ఇంకో వైపు మన తరఫువాళ్లు. మా ముందు ఒక పెద్ద కంపెనీ కేసు వాయిదా పడింది, ఒక డాక్టరు గారి కేసు అరగంట నడిచింది. మాది పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆడిటర్ గారు ఈమెయిల్ ఎవరిదో చెప్పి, అఫిడవిట్ చూపించారు. 1987లో ఒక భూసేకరణ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఎత్తారు, సాంకేతిక కారణానికీ అసలు న్యాయానికీ పోటీ వస్తే న్యాయం వైపే మొగ్గాలని. సభ్యుడు విని, ముందున్న పేపర్ బుక్ తిప్పుతూ ఒక్క ప్రశ్న అడిగారు. అమ్మిన రోజుకు అది మున్సిపాలిటీయా? "కాదు సార్, 31వ పేజీ" అన్నారు ఆడిటర్ గారు. సభ్యుడు ఆ పేజీ తీసి చదివారు. మొత్తం చదివారు. రెండేళ్లుగా నేను ఎదురుచూసింది ఆ ఒక్క పనికోసమే, ఎవరో ఒకరు ఆ కాగితం చదవడం కోసం. తర్వాత డీఆర్ వైపు చూశారు. ఆయన గట్టిగా వ్యతిరేకించలేదు. ఈ సర్టిఫికెట్‌ను అసెస్‌మెంట్ అధికారి ఇంతవరకు పరిశీలించలేదు, పరిశీలనకు వెనక్కి పంపితే అభ్యంతరం లేదన్నారు. అంతే. నాన్న బయటికొచ్చి, "అయిపోయిందా? నన్నేం అడగలేదే" అన్నాడు. కాస్త నిరాశపడ్డాడు, చెప్పడానికి చాలా సిద్ధం చేసుకుని వచ్చాడు.

జూలైలో తీర్పు కాపీ వచ్చింది. నేను ముందు చివరి లైను చదివాను. అప్పీలు "గణాంక ప్రయోజనాల కోసం అనుమతించడమైనది" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. గుండె జారిపోయింది. లెక్కల కోసం గెలవడం ఏమిటి, నిజంగా గెలిచామా లేదా? ఫోన్ చేస్తే ఆడిటర్ గారు వివరించారు. కేసును పూర్తిగా తేల్చకుండా కింది అధికారికి తిరిగి పంపినప్పుడు ట్రిబ్యునల్ వాడే మాట అది. ఇలాంటి తీర్పు వచ్చినవాళ్లు దాన్ని చూసి భయపడనక్కర్లేదు, అలాగని పండగ చేసుకోవడానికీ లేదు. పని ఇంకా ఉంది. లోపల మూడో పేజీలో మాకు కావాల్సింది ఉంది. 86 రోజుల ఆలస్యాన్ని మన్నించారు, పాత అసెస్‌మెంట్ పక్కన పెట్టారు, అమ్మకం తేదీ నాటి స్థితిని పరిశీలించి, పన్నుదారు చెప్పేది విని కొత్తగా ఆర్డరు ఇవ్వమన్నారు.

రెండో విడతలో నేను ఏ నోటీసునూ రెండు రోజులు దాటనివ్వలేదు. ఈసారి అధికారి వీడియో విచారణ కూడా ఇచ్చారు. నాన్న ఫోన్ ముందు కూర్చుని తెలుగులో చెప్పాడు, ఆ పొలంలో ఏ ఏడాది ఏం పండిందో, ఏ బోరు ఎప్పుడు ఎండిందో, అన్నీ. 2026 జనవరిలో కొత్త ఆర్డరు వచ్చింది. భూమి అమ్మకం నాటికి మూలధన ఆస్తి కాదు, డిమాండ్ శూన్యం. మేం కట్టిన 2 లక్షల 92 వేలు వడ్డీతో కలిపి మార్చిలో నాన్న ఖాతాలో పడ్డాయి. అప్పుడే ఆయనకు తెలిసింది నేను అంత కట్టానని. మూడు రోజులు నాతో మాట్లాడలేదు, నాలుగో రోజు మొత్తం తీసుకొచ్చి చేతిలో పెట్టాడు.

మా కేసు 1961 చట్టం కింద నడిచింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఇకముందు వచ్చే కాగితాల్లో సెక్షన్ నంబర్లు వేరేగా ఉంటాయి. నేను చెప్పిన నంబర్లు పట్టుకుని వెతక్కుండా మీ ఆడిటర్‌ని అడగండి.

పోయిన ఆదివారం ఊరికి వెళ్లినప్పుడు మా బాబాయి పాన్ కార్డు వివరాలు పోర్టల్‌లో తీసి చూశాను. అదే ఏజెంటు ఈమెయిల్. పిన్నిది కూడా అదే. ఇద్దరివీ అక్కడే కూర్చుని మార్చాను. పక్కింటి వాళ్లు కూడా కార్డులు పట్టుకుని వచ్చారు, చీకటి పడేసరికి తొమ్మిదిమందివి అయ్యాయి. మిగతావాళ్లను వచ్చే ఆదివారం రమ్మన్నాను.